టైమెంతయింది? ఎంతసేపైంది?: పైథాన్‌లో గడియారాన్ని చదవడం, కాలాన్ని కొలవడం

పలాసలో మా బావ వాళ్ల జీడిపప్పు యూనిట్‌లో ఒక పాత కంప్యూటర్ ఉంది. బాయిలర్‌లోకి పిక్కలు ఎక్కించినప్పుడు ఒక బటన్ నొక్కుతారు, దించినప్పుడు ఇంకోసారి నొక్కుతారు. మధ్యలో ఎన్ని నిమిషాలు ఆవిరి పట్టిందో అది ఫైల్లో రాసుకుంటుంది. ప్రోగ్రామ్ నేనే రాశాను, పట్టుమని నలభై వరుసలు ఉండదు. ఒక వానాకాలం పొద్దున అక్కడి మేస్త్రీ ఫోన్ చేశాడు. "ఏటి బాబూ, పిక్కలు ఎక్కించకముందే దించేసినామంటంది మీ మిషను?"

ఫైల్ తెప్పించుకుని చూస్తే నిజమే. పట్టిన సమయం: మైనస్ 305 నిమిషాలు.

ఆ రోజు తెల్లవారుజామున పోయిన కరెంటు తొమ్మిదింటికి వచ్చిందట. కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. అయినా కాలం వెనక్కి నడవదు కదా. కాసేపు తల గోక్కున్నాక ఆ అంకెకి 330 కలిపి చూశాను. 25 వచ్చింది. ఆ బ్యాచ్‌కి నిజంగా పట్టింది ఇరవై అయిదు నిమిషాలే. 330 నిమిషాలంటే అయిదున్నర గంటలు. మన దేశంలో కంప్యూటర్ పనిచేసే ఎవరికైనా ఈ అయిదున్నర కనపడగానే దొంగ ఎవరో తెలిసిపోవాలి. నాకు మాత్రం ఒక పూట పట్టింది.

ఆ పూటంతా నేర్చుకున్నదీ, ఆ తర్వాత తవ్వుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పైథాన్‌లో చెప్తాను, మిగతా భాషల సంగతి మధ్యలో వస్తుంది. ఫంక్షన్ల పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. zoneinfo మాడ్యూల్ లోంచి తెచ్చుకునే ZoneInfo, దానికిచ్చే "Asia/Kolkata", while పక్కనుండే True, చివర్లో వచ్చే CLOCK_BOOTTIME మాత్రం ఇక్కడ రాసినట్టే పెద్దక్షరాలతో కొట్టాలి. వేరియబుల్ పేర్లు మాత్రం కావాలంటే తెలుగులోనే ఉంచుకోవచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది.

ముందు ప్రశ్న సరిగ్గా వేసుకోండి

కాలం గురించి ప్రోగ్రామ్ అడిగే ప్రశ్నలు రెండు రకాలు. "టైమెంతయింది?" అనేది ఒకటి. "ఎంతసేపైంది?" అనేది రెండోది. వినడానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ రెండింటికీ జవాబిచ్చే గడియారాలు వేరు. నేను చేసిన తప్పల్లా రెండో ప్రశ్నకి మొదటి గడియారాన్ని వాడటమే.

విజయనగరం గంటస్తంభం తలెత్తి చూస్తే టైమెంతయిందో చెప్తుంది. ఒకవేళ ఆ గడియారం పది నిమిషాలు వెనకబడితే ఎవరో ఒకరు పైకెక్కి ముల్లు ముందుకి తిప్పుతారు, తిప్పాలి కూడా. దాని పని ఊరందరితో టైమ్ కలిసి ఉండటం. మీరు సరిగ్గా ఆ ముల్లు తిప్పుతున్నప్పుడే దాన్ని చూసి పకోడీలు ఎంతసేపు వేగాయో లెక్క కట్టారనుకోండి, తప్పు గడియారానిదా?

వెనకటి నీటి గడియారం ఇంకో రకం. అడుగున సన్నని చిల్లున్న గిన్నెని నీళ్లలో వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ. అంటే 24 నిమిషాలు. రోజుకి 60 గడియలు. ఇప్పుడు టైమెంతని ఆ గిన్నెని అడిగితే దానికి తెలీదు. పొద్దు పొడిచినప్పటి నుంచి ఎన్నిసార్లు మునిగిందో మనం లెక్కపెట్టుకోవాలి. కానీ మునిగిన గిన్నెని మునగనట్టు చేయడం ఎవరి తరమూ కాదు. లెక్క ముందుకే పోతుంది.

కంప్యూటర్‌లో ఈ రెండూ ఉన్నాయి. మొదటి దాన్ని గోడ గడియారం అందాం. రెండో దానికి పైథాన్ పెట్టిన పేరు మోనోటోనిక్, అంటే వెనక్కి పోనిది.

మొదటి మెట్టు: గోడ గడియారం చదవడం

టైమ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి టైమ్.టైమ్() అని అడగండి. 170 కోట్లు దాటిన ఒక దశాంశ సంఖ్య ఇస్తుంది. 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక టైమ్, మనం దానికి అయిదున్నర గంటలు ముందు) అర్ధరాత్రి నుంచి, అంటే మన లెక్కలో ఆ రోజు పొద్దున 5:30 నుంచి గడిచిన సెకన్లవి. ఈ లెక్క సరిగ్గా 100 కోట్లకి చేరింది 2001 సెప్టెంబరు 9న, మనకి ఉదయం 7 గంటల 16 నిమిషాల 40 సెకన్లకి. సెకన్లని ప్లస్, మైనస్ గుర్తుతో కలిపి 32 బిట్ల పూర్ణాంకంలో దాచుకునే పాత యంత్రాలకి 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8:44:07 దాటగానే చోటు అయిపోతుంది. పైథాన్ సంఖ్యలకి ఆ ఇబ్బంది లేదు గానీ, మీరు డేటా పంపే పాత కంట్రోలర్ బోర్డుకి ఉండొచ్చు.

ఆ దశాంశ సంఖ్యలో ఎన్ని స్థానాలు నమ్మొచ్చు? పైథాన్ ఫ్లోట్‌కి, అంటే దశాంశ సంఖ్యకి, 53 బిట్ల ఖచ్చితత్వం ఉంటుంది. 170 కోట్ల దగ్గర రెండు పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం సుమారు 238 నానోసెకన్లు. అంతకన్నా సన్నగా కావాలంటే టైమ్.టైమ్_ఎన్ఎస్() వాడండి, పూర్ణాంకంలో నానోసెకన్లు ఇస్తుంది. ఇది పైథాన్ 3.7 నుంచి ఉంది. అయితే అంకెలు సన్నగా కనపడితే గడియారం అంత సన్నగా నడుస్తున్నట్టు కాదు. కొలబద్ద మీద సన్నని గీతలు గీసినంత మాత్రాన గుడ్డ సరిగ్గా కొలిచినట్టా?

సెకన్ల సంఖ్య మనుషులకి చదవరాదు కాబట్టి డేట్‌టైమ్ మాడ్యూల్ కావాలి. ఇక్కడే చాలామంది జారిపడతారు. డేట్‌టైమ్.నౌ() అని ఊరికే పిలిస్తే తేదీ, టైమ్ వస్తాయి గానీ అవి ఏ దేశపు టైమో ఆ వస్తువుకే తెలియదు. ఊరూ పేరూ లేని చుట్టం లాంటిదది, ఇంట్లో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, సర్వర్‌కి పంపినప్పుడు గొడవ మొదలవుతుంది. పాత పుస్తకాల్లో కనిపించే యూటీసీనౌ() ఇంకా ప్రమాదం. యూటీసీ టైమ్ ఇస్తుంది గానీ అది యూటీసీ అన్న గుర్తు పెట్టదు. పైథాన్ 3.12 నుంచి దాన్ని వాడొద్దనే చెప్తున్నారు. నా పద్ధతి ఇది:

ఫ్రమ్ డేట్‌టైమ్ ఇంపోర్ట్ డేట్‌టైమ్, టైమ్‌జోన్
ఫ్రమ్ జోన్‌ఇన్ఫో ఇంపోర్ట్ జోన్‌ఇన్ఫో
ఇప్పుడు = డేట్‌టైమ్.నౌ(టైమ్‌జోన్.యూటీసీ)
మన_టైమ్ = ఇప్పుడు.యాజ్‌టైమ్‌జోన్(జోన్‌ఇన్ఫో("ఏషియా/కోల్‌కతా"))

ఫైల్లో, డేటాబేస్‌లో యూటీసీయే దాచండి. తెర మీద చూపించే చివరి క్షణంలో మాత్రమే మన టైమ్‌కి మార్చండి. జోన్‌ఇన్ఫో పైథాన్ 3.9తో వచ్చింది. విండోస్‌లో అయితే టీజెడ్‌డేటా అనే ప్యాకేజీ కూడా పిప్‌తో వేసుకోవాలి, లేకపోతే కోల్‌కతా ఎక్కడుందో తెలీదంటుంది.

"మనకి ఎప్పుడూ అయిదున్నరే కదా, 19,800 సెకన్లు కలిపేస్తే పోలేదా?" అని ఒక కుర్రాడు అడిగాడు. ఇవాళ్టి తేదీలకి పోతుంది. కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన గడియారాలు గంట ముందుకి జరిపారు. 1943, 1944 సంవత్సరాల్లో మన దేశం యూటీసీకి ఆరున్నర గంటలు ముందుండేది. తాతగారి జాతకానికి జన్మ సమయం ఎక్కించే ప్రోగ్రామ్ రాస్తే ఆ ఒక్క గంట లగ్నాన్నే మార్చేస్తుంది. జోన్‌ఇన్ఫోకి ఆ చరిత్రంతా తెలుసు. మన కూడికకి తెలీదు.

ఇంతకీ అయిదున్నర అన్నది కూడా ఒక ఒప్పందమే. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద సూర్యుడి లెక్కని దేశమంతా వాడుకుంటున్నాం. శ్రీకాకుళం సుమారు 83.9 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే, మన గడియారం దాచిపెట్టిన తేడా అయిదున్నర నిమిషాలు. అరసవల్లి సూర్యనారాయణుడు చేతి గడియారం పెట్టుకుంటే అది ఐఎస్‌టీ (దేశమంతా వాడే మన ప్రామాణిక టైమ్) కన్నా అంత ముందుంటుంది. పంచాంగం చూసే ఇళ్లలో సూర్యోదయం ఊరికో రకంగా ఎందుకుంటుందో పెద్దవాళ్లకి బాగా తెలుసు.

గోడ గడియారం ఎందుకు గెంతుతుంది

కాస్త సాగదీసినా ఇది చెప్పాలి, ఎందుకంటే మైనస్ 305 ఇక్కడే పుట్టింది.

కంప్యూటర్ ఆపేసినా టైమ్ మర్చిపోకుండా మదర్‌బోర్డు మీద చిన్న గడియారం ఒకటి నాణెమంత బ్యాటరీతో నడుస్తుంటుంది. అందులో క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు ఊగుతుంది, అంటే రెండుని పదిహేనుసార్లు గుణిస్తే వచ్చే అంకె. చవక స్ఫటికం పది లక్షలకి ఇరవై పాళ్లు తప్పినా రోజుకి 1.7 సెకన్లు, నెలకి దగ్గర దగ్గర ఒక నిమిషం తేడా. సిస్టమ్ లేచేటప్పుడు ఈ గడియారాన్ని ఒకసారి చూసి తన టైమ్ పెట్టుకుంటుంది. నెట్ వచ్చాక ఎన్‌టీపీ అనే, నెట్ మీద గడియారాలు కలిపే పద్ధతిలో బయటి సర్వర్లని అడిగి దిద్దుకుంటుంది. మన దేశపు అధికారిక టైమ్ ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ అణు గడియారాల నుంచి వస్తుంది.

దిద్దుకోవడం రెండు రకాలు. తేడా కొంచెమైతే గడియారాన్ని కాస్త వేగంగానో మెల్లగానో నడిపి కలుపుతారు. ఎక్కువైతే ఒక్కసారిగా గెంతిస్తారు. ఎన్‌టీపీ పాత ప్రోగ్రామ్‌లో ఆ హద్దు మామూలుగా 128 మిల్లీసెకన్లు.

ఇప్పుడు పలాస సంగతి. ఆ కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. పగలు నా ప్రోగ్రామ్ లినక్స్‌లో నడుస్తుంది. సాయంత్రం లెక్కలు రాసే అబ్బాయి విండోస్‌లోకి వెళ్లి బిల్లులు కొడతాడు. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక టైమ్, అంటే ఐఎస్‌టీ రాస్తుంది. లినక్స్ మామూలుగా అదే గడియారంలో ఉన్నది యూటీసీ అనుకుని చదువుతుంది. కరెంటు వచ్చి లినక్స్ లేచినప్పుడు బోర్డు మీద తొమ్మిదైంది. దాన్ని యూటీసీ అనుకుని అయిదున్నర కలిపి "మధ్యాహ్నం రెండున్నర" అంది. 9:05కి పిక్కలు ఎక్కించి బటన్ నొక్కితే ఫైల్లో 14:35 పడింది. ఆ తర్వాత ఎవరో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టారు. నెట్ రాగానే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి గెంతి నిజం టైమ్‌కి వచ్చింది. 9:30కి దించారు. 9:30లోంచి 14:35 తీసేస్తే మైనస్ 305.

మైనస్ వచ్చింది కాబట్టి మేస్త్రీకి అనుమానమొచ్చింది. నన్ను అసలు భయపెట్టింది ఇంకో వరుస. అదే రోజు బోర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదిలో, ఏడు గంటలు ఆరిన పప్పుకి ఫైల్లో ఒకటిన్నర గంట అని ఉంది. చూడ్డానికి పెద్దమనిషిలా ఉన్న అంకె, ఎవ్వరూ అడగలేదు.

మీ దగ్గరా ఇలా రెండు సిస్టమ్‌లుంటే, లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టి చివర్లో ఆర్‌టీసీ (మదర్‌బోర్డు గడియారం) స్థానిక టైమ్‌లో ఉందా లేదా అన్న వరుస చూడండి. రెండిట్లో ఒకదాన్ని రెండోదాని దారికి తేవాలి. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే విలువ 1 చేసి యూటీసీకి మళ్లించడం నాకు ఇష్టం.

లీపు సెకన్ల గొడవ కూడా ఈ కోవలోదే. భూమి తిరుగుడుతో కలపడానికి 1972 నుంచి 27 సార్లు ఒక సెకను అదనంగా చేర్చారు. ఆఖరిది 2016 డిసెంబరు 31న, మన లెక్కలో 2017 జనవరి 1 ఉదయం 5:29:60. సరిగ్గా ఆ క్షణంలోనే క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకి చిరునామా వెతికిచ్చే) సాఫ్ట్‌వేర్‌లో రెండు గడియారపు రీడింగుల తేడా మైనస్‌లోకి పోయి, ఆ అంకె రాకూడని చోటికి వెళ్లి ప్రోగ్రామ్ పడిపోయింది. అది గో భాషలో రాసింది. గో 1.9 నుంచి టైమ్.నౌ() తనతోపాటు మోనోటోనిక్ రీడింగు కూడా మోసుకుని తిరుగుతోంది. నా మైనస్ 305కి అంత పెద్ద చుట్టరికం ఉందని తెలిశాక సిగ్గు కొంచెం తగ్గింది.

రెండో మెట్టు: ఎంతసేపైందో కొలవడం

ఇది చెప్పడానికి ఎంతోసేపు పట్టదు.

మొదలు = టైమ్.పెర్ఫ్_కౌంటర్()
లెక్క_కట్టు()
పట్టింది = టైమ్.పెర్ఫ్_కౌంటర్() - మొదలు

అంతే. టైమ్.మోనోటోనిక్() కూడా ఇదే పని చేస్తుంది. రెండూ పైథాన్ 3.3లో వచ్చాయి. ఒక్కొక్క రీడింగుకి విడిగా అర్థం లేదు, ఎక్కడి నుంచి లెక్క మొదలైందో పైథాన్ మాటివ్వదు. రెండు రీడింగుల తేడాకే అర్థం. నీటి గిన్నె లాగే.

రెండిట్లో ఏది? లినక్స్‌లో రెండూ ఒకే గడియారం మీద నడుస్తాయి, కాబట్టి ఏదైనా ఒకటే. విండోస్‌లో తేడా ఉంది. అక్కడ మోనోటోనిక్ చాలాకాలం 15.6 మిల్లీసెకన్లకి ఒకసారి మాత్రమే కదిలేది, అంటే సెకనుకి 64 అడుగులు. ఏడు మిల్లీసెకన్ల పని కొలిస్తే సున్నా అనో పదహారు అనో వచ్చేది. పైథాన్ 3.13లో దాన్ని సన్నని గడియారం మీదకి మార్చారు. నేను పాటించేది ఇది: కోడ్ ఎంత వేగంగా ఉందో చూడ్డానికి పెర్ఫ్_కౌంటర్, టైమవుట్లకీ గడువులకీ మోనోటోనిక్. చదివేవాడికి ఉద్దేశం తెలుస్తుంది.

పాత పాఠాల్లో టైమ్.క్లాక్() కనిపిస్తే దాటేయండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉన్నట్టు, దాని పేరు ఒకటి, అది ఉన్న చోటు ఇంకోటి. యూనిక్స్‌లో సీపీయూ సమయం ఇచ్చేది, విండోస్‌లో గడిచిన సమయం ఇచ్చేది. ఎందరిని తికమక పెట్టిందో, 3.8లో తీసేశారు.

వేరే భాషల వాళ్ల కోసం: జావాలో సిస్టమ్.నానోటైమ్, జావాస్క్రిప్ట్‌లో పెర్ఫార్మెన్స్.నౌ, సీ ప్లస్ ప్లస్‌లో స్టెడీ_క్లాక్, సీలో క్లాక్_గెట్‌టైమ్‌కి క్లాక్_మోనోటోనిక్ ఇవ్వడం. జావాలో కరెంట్‌టైమ్‌మిల్లిస్‌తో కాలం కొలిచిన కోడ్ ఇప్పటికీ ఎంత ఉందో లెక్కలేదు.

మూడో మెట్టు: గడియారాన్నే అడగండి

నా మాట నమ్మక్కర్లేదు. టైమ్.గెట్_క్లాక్_ఇన్ఫో("మోనోటోనిక్") అని ప్రింట్ చేయండి. నాలుగు సంగతులు చెప్తుంది: సిస్టమ్‌లో ఏ గడియారం మీద నడుస్తోంది, వెనక్కి పోదా, బయటి నుంచి ఎవరైనా దిద్దగలరా, ఎంత సన్నగా కొలవగలదు. అదే ప్రశ్న "టైమ్" గురించి అడిగి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి అడ్జస్టబుల్ అవును, ఇంకోదానికి కాదు. మొత్తం కథ ఆ ఒక్క వరుసలో ఉంది.

అది చెప్పిన సన్నదనం కాగితం మీదిది. అసలుది చూడాలంటే ఒక చిన్న లూప్ రాయండి: గడియారం చదవండి, విలువ మారేవరకు మళ్లీ మళ్లీ చదవండి, ఎంత మారిందో రాసుకోండి. వెయ్యిసార్లు చేసి అందులో అతి చిన్న మార్పు చూడండి. గడియారం అడగడానికే కొన్ని పదుల నానోసెకన్లు పడుతుంది, కాబట్టి అంతకన్నా చిన్న పనిని ఒక్కసారి కొలిచి లాభం లేదు.

నాలుగో మెట్టు: బస్సు ఎంతసేపు వెళ్లింది, ఎంతసేపు నడిచింది

విజయనగరంలో బస్సెక్కి శ్రీకాకుళంలో దిగేసరికి ఎంతసేపైందో మీ వాచీ చెప్తుంది. అందులో టీ కోసం ఆగింది, గేటు దగ్గర ఆగింది అన్నీ కలిసి ఉంటాయి. బస్సు చక్రం తిరిగిన సమయం వేరే లెక్క. ప్రోగ్రామ్‌కీ ఈ రెండు లెక్కలున్నాయి. పెర్ఫ్_కౌంటర్ మొదటిది. టైమ్.ప్రాసెస్_టైమ్() రెండోది: మీ ప్రోగ్రామ్ కోసం సీపీయూ నిజంగా పనిచేసిన సమయం మాత్రమే. నెట్ కోసం, డిస్క్ కోసం, టైమ్.స్లీప్‌లో ఎదురుచూసినది ఇందులోకి రాదు.

రెండూ కలిపి కొలవడం అలవాటు చేసుకోండి. గడిచింది పది సెకన్లు, సీపీయూ అర సెకను అంటే మీ కోడ్‌ని సానబట్టి ఉపయోగం లేదు, అది ఎవరి కోసమో కూర్చుని ఉంది. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే అప్పుడు లూపుల జోలికి వెళ్లండి. ఒక్కోసారి సీపీయూ సమయమే ఎక్కువ రావచ్చు, కంగారు పడొద్దు. నాలుగు కోర్లు ఒకేసారి పనిచేస్తే నలుగురి కూలీ కలిసి వస్తుంది. ఒక్క థ్రెడ్‌దే కావాలంటే థ్రెడ్_టైమ్ ఉంది.

అయిదో మెట్టు: చిన్న పనులు

రెండు రకాలుగా రాసిన ఒక వరుసలో ఏది వేగమో తేల్చాలంటే టైమిట్ వాడండి. టెర్మినల్‌లో పైథాన్, -ఎమ్, టైమిట్, ఆ తర్వాత కొటేషన్లలో మీ వరుస. మొత్తం కనీసం 0.2 సెకన్లు పట్టేలా ఎన్నిసార్లు నడపాలో అదే ఎంచుకుంటుంది. అలా అయిదు విడతలు చేసి వాటిలో తక్కువ వచ్చినది చూపిస్తుంది. కొలిచేటప్పుడు చెత్త ఎత్తే గార్బేజ్ కలెక్టర్‌ని ఆపేస్తుంది కూడా.

సగటు కాకుండా తక్కువది ఎందుకు? మీ కోడ్‌ని సహజ వేగం కన్నా వేగంగా పరిగెత్తించే శక్తి దేనికీ లేదు, నెమ్మది చేసేవి మాత్రం బోలెడు. అప్‌డేట్లు, బ్రౌజర్, వైరస్ స్కాన్. కాబట్టి అందరికన్నా తక్కువది అసలుకి దగ్గర. సర్వర్‌లో జనం ఎదురుచూసే సమయం గురించైతే మాత్రం ఇది తిరగబడుతుంది. అక్కడ తక్కువది ఎవరికి కావాలి, నూటికి తొంభై అయిదో మనిషికి ఎంత పట్టిందో చూడాలి.

మన వైపు ఇంకో జాగ్రత్త. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే చాలా యంత్రాలు సీపీయూ వేగం తగ్గించేస్తాయి. ఛార్జర్ ఉండగా ఒక పద్ధతి, లేనప్పుడు రెండోది కొలిచి "నా పాత కోడే వేగం" అని తేల్చిన వాణ్ణి నేనెరుగుదును. అద్దంలో రోజూ కనిపిస్తాడు.

ఆరో మెట్టు: నిమిషానికోసారి చేసే పని

బోర్మా లోపలి వేడిని నిమిషానికోసారి రాసుకోవాలి. అందరూ ముందు రాసేది ఇదే: వేడి చదువు, టైమ్.స్లీప్(60), మళ్లీ చదువు. సెన్సర్ చదవడానికి 0.8 సెకను పట్టిందనుకోండి. ఒక చుట్టు 60.8 సెకన్లు. రోజుకి 1,440 రీడింగులు రావాల్సిన చోట 1,421 వస్తాయి. స్లీప్ కూడా అడిగినంతకి తగ్గకుండా పడుకుంటుంది గానీ ఎంత ఎక్కువసేపు పడుకుంటుందో హామీ లేదు.

గడువు పెట్టుకుని నడపండి:

గడువు = టైమ్.మోనోటోనిక్()
వైల్ ట్రూ:
    వేడి_రాయి()
    గడువు += 60
    టైమ్.స్లీప్(మ్యాక్స్(0, గడువు - టైమ్.మోనోటోనిక్()))

ఒక చుట్టు ఆలస్యమైతే తర్వాతిది తక్కువసేపు పడుకుని కలుపుకుంటుంది. గడువుని గోడ గడియారంతో మాత్రం కట్టొద్దు. అది అయిదున్నర గంటలు వెనక్కి గెంతిందంటే మీ లూప్ అయిదున్నర గంటలు గాఢనిద్ర పోతుంది.

ఏడో మెట్టు: కరెంటు పోయి వస్తే

మోనోటోనిక్‌ని ఇంత పొగిడాను కాబట్టి దాని లోపం కూడా చెప్పాలి. కంప్యూటర్ ఆగి లేస్తే దాని లెక్క కొత్తగా మొదలవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి చోట యంత్రం ఆగదనుకుని ప్రోగ్రామ్ రాయలేం. ఫైల్లో నిన్నటి మోనోటోనిక్ రీడింగు దాచి ఇవాళ్టి దానిలోంచి తీసేస్తే వచ్చేది చెత్త.

అందుకని బటన్ నొక్కిన ప్రతిసారీ మూడు విలువలు రాయండి: యూటీసీ టైమ్, మోనోటోనిక్ రీడింగు, ఈ బూట్‌కి గుర్తు. లినక్స్‌లో ప్రోక్ కింద సిస్, కెర్నెల్, ర్యాండమ్ ఫోల్డర్లు దాటాక బూట్_ఐడీ అనే ఫైలుంటుంది. సిస్టమ్ లేచిన ప్రతిసారీ దానిలో కొత్త గుర్తు పడుతుంది. మొదలుకీ చివరకీ గుర్తు ఒకటే అయితే మోనోటోనిక్ తేడా నమ్మండి. మారితే గోడ గడియారాల తేడా తీసుకుని, పక్కన "అంచనా" అని రాయండి. ఆ ఒక్క మాట రాయకపోతే ఆర్నెల్ల తర్వాత మీకే తెలీదు ఏది కొలిచిందో, ఏది ఊహించిందో.

ల్యాప్‌టాప్ మూత వేస్తే? లినక్స్ మోనోటోనిక్ నిద్రపోయిన సమయాన్ని లెక్కపెట్టదు. అదీ కావాలంటే టైమ్.క్లాక్_గెట్‌టైమ్(టైమ్.క్లాక్_బూట్‌టైమ్) వాడండి, మూత వేసి ఉన్నా దాని లెక్క నడుస్తూనే ఉంటుంది. కోడ్ వేగం కొలిచేవాడికి మొదటిది మంచిది, పప్పు ఆరబెట్టే వాడికి రెండోది. యంత్రం పడుకుందని బోర్మా చల్లారదు కదా.

ఎనిమిదో మెట్టు: గడియారాన్ని చేతికివ్వండి

ఇవన్నీ దిద్దాక పరీక్ష ఎలా? గడియారం వెనక్కి గెంతే పరిస్థితి కోసం తుఫాను వచ్చేదాకా కూర్చోలేం. ఫంక్షన్ లోపల టైమ్.మోనోటోనిక్ అని నేరుగా పిలవకుండా, గడియారాన్నే బయటి నుంచి ఇవ్వండి:

డెఫ్ బ్యాచ్_మొదలు(గడియారం=టైమ్.మోనోటోనిక్, గోడ=టైమ్.టైమ్):

మామూలుగా నడిచేటప్పుడు అసలు గడియారాలు వాడుకుంటుంది. పరీక్షలో మాత్రం మీరు చెప్పిన అంకెలు వరుసగా ఇచ్చే ఉత్తుత్తి గడియారం ఇవ్వొచ్చు. ఇరవై అయిదు నిమిషాలు నిజంగా ఆగక్కర్లేదు, రెప్పపాటులో అయిపోతుంది.

పలాస ప్రోగ్రామ్‌కి ఇప్పుడు అలాంటి పరీక్షలు నాలుగున్నాయి. ఒకటి బూట్ గుర్తు మారినప్పుడు "అంచనా" అని రాస్తోందా చూస్తుంది. ఒకటి సెన్సర్ ఆలస్యమైతే గడువు కలుపుకుంటోందా చూస్తుంది. ఒకటి మూత వేసిన సమయం కలుస్తోందా చూస్తుంది. నాలుగోది గోడ గడియారాన్ని మధ్యలో 330 నిమిషాలు వెనక్కి గెంతించి, జవాబు 25 వస్తేనే ఒప్పుకుంటుంది. దానికి మైనస్_305 అని పేరు పెట్టాను.